మూత మీద చుక్క

"పగిలితే నీకేం, ముక్కలు ఏరుకోవాల్సింది నేను," అంటూ అత్తగారు తెల్ల పింగాణీ కప్పుని గట్టు మీద అవతలికి నెట్టి, ఆ స్థానంలో మళ్లీ స్టీలు గ్లాసు పెట్టింది.

కోడలు గ్లాసుని పక్కకి జరిపి కప్పుని తెచ్చి పెట్టింది. ఆ పొద్దున అప్పటికి కప్పూ గ్లాసూ చాలాసార్లే చోట్లు మార్చుకున్నాయి.

"నాకు కప్పులోనే కావాలి అత్తయ్యా."

"ఇన్నేళ్లూ గ్లాసులో తాగిన టీ ఇప్పుడు గొంతు దిగడం లేదా?"

"దిగుతుంది. కప్పులో అయితే ఇంకాస్త బాగా దిగుతుంది."

"కడుపుతో ఉన్నవాళ్లకి పులుపు మీదికి మనసు పోతుంది, మట్టి మీదికి పోతుంది. పింగాణీ మీదికి పోవడం నీ దగ్గరే చూస్తున్నాను తల్లీ."

హాల్లో బల్ల మీద కాలు చాపుకుని కూర్చున్న మామగారు పేపరు దించాడు. "పోనీవే. కప్పుని నమిలి మింగుతానంటోందా? తాగి కడిగి పెడతానంటోంది కదా."

"మీరు మాట్లాడకండి. పొద్దున్నే బిస్కట్ల డబ్బా మూత చప్పుడు నాకు వినపడలేదనుకోకండి."

మామగారు మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు.

కోడలు కప్పుని అక్కడే ఉంచి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. పొద్దున టిఫినుకి ముందు ఆమె వేలు గుచ్చుకుని రక్తం చూసుకోవాలి, ఆ తర్వాత పొట్ట మీద ఇన్సులిన్ వేసుకోవాలి. ఆ సూదిని చూసే ధైర్యం అత్తగారికీ లేదు, భర్తకీ లేదు. అత్తగారు ముఖం తిప్పుకుంటుంది, భర్త ఏదో పని గుర్తొచ్చినట్టు బయటికి పోతాడు. అందుకే తలుపు వేసుకోవడం అలవాటైంది. ఆ తలుపు మూసి ఉన్న కాసేపూ వంటింట్లో ఏం జరుగుతోందన్నదే ఇప్పుడు ఆమెకి నిద్ర పట్టనివ్వని ప్రశ్న.

టీ పెట్టేది అత్తగారు. గదిలోకి తెచ్చి ఇచ్చేది భర్త. నెలలు నిండుతున్నాయి కదా, అటూ ఇటూ తిరగనివ్వకూడదని ఆ తల్లీకొడుకులు పెట్టుకున్న ఏర్పాటు అది. మొదట్లో ఆమె ఇరుగుపొరుగుకి గొప్పగా చెప్పుకుంది కూడా.

స్టీలు గ్లాసులో టీ రంగు తెలియదు. గ్లాసు తన మెరుపు తాను కలిపేస్తుంది. తెల్ల కప్పు అబద్ధం చెప్పదు. ఆమె పనిచేసేది పెయింటు షాపులో, రంగులు కలిపే కౌంటరు దగ్గర. జనం పాత గోడ పెచ్చు ఒకటి రుమాల్లో చుట్టుకుని తెచ్చి, "అచ్చం ఇదే కావాలి" అంటారు. ఆమె దాన్ని కిటికీ వెలుగులో తిప్పి చూసి, ఏ రంగు ఎన్ని చుక్కలు పడాలో మెషీనుకి చెబుతుంది. మిగతావాళ్లు 'గోధుమ రంగు' అని వదిలేసేదాంట్లో ఆమెకి ఎరుపు పాలెంతో పసుపు పాలెంతో కనబడతాయి. ఇంట్లో అందరూ ఎగతాళి చేసేవారు. "పెళ్లిచూపులకి వెళ్లినప్పుడే నా చొక్కా వెలిసిందని కనిపెట్టింది," అని భర్త అందరికీ చెప్పి నవ్వేవాడు.

నాలుకని నమ్ముకునే వీలు లేదు. నెల తప్పిన దగ్గరనుంచీ నోట్లో ఇనుప రుచి. నీళ్లు కూడా చేదే. ఇక మిగిలినవి కళ్లు.

* * *

గొడవంతా ఆడపడుచు తెచ్చిన డబ్బాతో మొదలైంది.

కడుపుతో ఉన్నవాళ్లకి చేసే షుగరు పరీక్షలో కోడలికి అంకె ఎక్కువ వచ్చిందని తెలియగానే ఇల్లంతా డీలా పడిపోయింది. కొన్నాళ్లు తిండి మార్చి చూశారు. దిగలేదు. డాక్టరమ్మ ఇన్సులిన్ రాసింది. ఆ మాట వినగానే అత్తగారు కుర్చీలో కూలబడింది. మామగారికి ఇన్సులిన్ మొదలుపెట్టిన ఏడాదే కుడికాలి రెండు వేళ్లు తీసేశారు. ఏళ్ల తరబడి ముదరబెట్టుకున్న షుగరు వల్ల వేళ్లు పోయాయని ఎవరెన్నిసార్లు చెప్పినా ఆవిడ చెవికెక్కలేదు. ఆవిడ లెక్కలో ముందు సూది వచ్చింది, వెనకాలే కత్తి వచ్చింది.

మర్నాడే ఆడపడుచు దిగింది. ఆవిడ బ్యూటీ పార్లరు నడుపుతుంది. ఫేషియల్‌కి వచ్చినవాళ్లకి ఈ మధ్య పొడులూ గొట్టం మాత్రలూ కూడా అంటగడుతోంది. సంచీలోంచి ఆకుపచ్చ మూత డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"పూర్తిగా నేచురల్. అన్నీ యాంటీఆక్సిడెంట్లే."

"ఇందులో ఏముంది వదినా?" అంది కోడలు.

"అన్నీ ఉన్నాయి."

"అన్నీ అంటే?"

"ఆకులు, గింజలు, పళ్ల తొక్కలు. ఒంట్లో తుప్పు పట్టకుండా చూస్తాయి. తుప్పు వదిలిందా, షుగరు దానంతటదే దిగుతుంది. నీకు అర్థమయ్యేలా చెప్పనా? మీ షాపులో ఇనుపగేటుకి ముందు ప్రైమరు కొట్టమంటారు కదా, ఇదీ అంతే."

"గేటు కడుపుతో ఉండదు కదా వదినా."

మామగారు పకపకా నవ్వాడు. ఆడపడుచు ముఖం మాడ్చుకుంది. "మంచికి పోతే ఇలాగే ఉంటుంది. నా దగ్గర వాడేవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలుసా? ఒక్కరు చెడుగా చెప్పలేదు."

"వాళ్లలో కడుపుతో ఉన్నవాళ్లెందరు?"

"ఇదిగో తమ్ముడూ, నీ పెళ్లాం లాయరు చదవాల్సింది, పొరపాటున రంగుల్లోకి పోయింది."

కోడలు ఆ డబ్బాని ఫొటో తీసుకుని డాక్టరమ్మకి చూపించింది. డాక్టరమ్మ వద్దంది. కోడలు ఆ మాట ఇంట్లో అందరి ముందూ చెప్పింది. భర్త సరేనన్నాడు. అత్తగారు కూడా, "డాక్టరు వద్దంటే ఇంకేముంది, వద్దు," అని డబ్బాని తీసుకెళ్లి వంటింట్లో పై అరలో పెట్టేసింది.

అంత తేలిగ్గా! ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాలన్నదాని మీద పూట పూటంతా వాదించే మనిషి, ఒక్క ముక్కకి ఒప్పేసుకుంది. కోడలికి మొదటి అనుమానం అక్కడే పుట్టింది. కానీ అనుమానానికి చేతికి చిక్కేది ఏదో ఒకటి ఉండాలి కదా. అప్పటికి ఏదీ లేదు.

చిక్కింది షాపులో.

వాళ్ల షాపులో ఒక పద్ధతి ఉంది. డబ్బాలో రంగు కలిపినవాళ్లు మూత బిగించాక అదే రంగుని వేలితో తీసి మూత మీద ఒక చుక్క పెట్టాలి. చుక్క ఉంటే కలిపినట్టు, లేకపోతే కలపాల్సి ఉన్నట్టు. కౌంటరు దగ్గర ఆమెతోపాటు ఇంకొకాయన పనిచేస్తాడు. ఎంత తిన్నా ఒళ్లు చేయని మనిషి కాబట్టి అందరూ బక్కన్న అంటారు. ఇద్దరూ ఒకే డబ్బాలో రెండుసార్లు కలపకుండా ఉండటానికే ఆ చుక్క. ఆ రోజు మధ్యాహ్న భోజనానికి ఇంకా టైముంది. ఆమె ఒక డబ్బా తీసి మూత ఊడదీసి మెషీను కింద పెట్టింది. రంగు పడింది. మూత బిగిస్తుంటే బక్కన్న కేక వేశాడు.

"అమ్మాయ్! అది నేను కలిపేసిందే! చుక్క కనపడలేదా?"

చుక్క ఉంది. లేత బూడిద రంగు చుక్క, మూత నడిమధ్యలో. ఆమె దాన్నే చూస్తూ మూత తీసింది, దాన్నే చూస్తూ బిగించింది. చూపు ఆనలేదు. పిల్లల బడి గోడలకి వెళ్లాల్సిన లేత బూడిద రంగు, వానకారు మబ్బులా తయారైంది. ఆమె చేతులు వణుకుతున్నాయి, జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. బక్కన్న స్టూలు లాగి కూర్చోబెట్టి తన టిఫిను డబ్బాలోంచి అరటిపండు తీసి చేతిలో పెట్టాడు. "ముందు తిను, తర్వాత ఏడుద్దువుగాని." సంచీలో మీటరుంది. వేలు గుచ్చి చూసుకుంది. అంకె ఉండాల్సిన దానికి ఎంతో కిందికి పడిపోయి ఉంది.

అది మొదటిసారి. ఆ వారంలో మళ్లీ పడింది.

ఆసుపత్రికి వెళ్లినప్పుడు భర్త పక్కనే కూర్చున్నాడు. డాక్టరమ్మ మీటరులో అంకెలు వెనక్కి నొక్కి చూసుకుంటూ కనుబొమలు ముడిచింది.

"వేళకి తింటున్నావా?"

"తింటున్నానండీ."

"ఇన్సులిన్ నేను చెప్పినంతే వేసుకుంటున్నావా? ఇంకేమైనా వాడుతున్నావా? ఆకులు, పొడులు, ఎవరైనా ఇచ్చినవి?"

"నాకు తెలిసి లేదండీ."

డాక్టరమ్మ తలెత్తింది. "నీకు తెలిసి అంటే?"

కోడలు నోరు విప్పబోయి భర్త వైపు చూసింది. అతను గోడ మీద బిడ్డ ఎదుగుదల బొమ్మని అప్పుడే మొదటిసారి చూస్తున్నవాడిలా చూస్తున్నాడు. అత్తగారిని పరాయివాళ్ల ముందు ఎలా బయట పెట్టడం? "ఏం లేదండీ," అంది.

"చూడమ్మా. ఆ పొడులు మంచివో చెడ్డవో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. కొన్ని షుగరు దించవచ్చు. కొన్నిటిలో పైకి చెప్పకుండా షుగరు మాత్రలే పొడిచేసి కలుపుతారని వింటుంటాం. కడుపులో బిడ్డకి ఎంత అయితే ఫరవాలేదో ఎవరూ తేల్చలేదు. నాకు తెలిసి వాడితే ఒక దారి, తెలియకుండా వాడితే నేను గుడ్డిగా మందు రాస్తున్నట్టు. ఇప్పుడు ఇన్సులిన్ తగ్గించేశాననుకో, రేపు ఆ రెండోది ఆగిపోతే? షుగరు ఎగబాకుతుంది, బిడ్డ మీద పడుతుంది. ఇన్సులిన్ తగ్గించకపోతే నువ్వు ఏ మెట్ల మీదో పడిపోతావు." ఆవిడ మీటరు తిరిగి ఇచ్చేసింది. "ఈ వారం చూద్దాం. అప్పటికీ తేలకపోతే వచ్చి చేరిపో. నాలుగు రోజులు తిండీ మందూ మేమే ఇచ్చి చూస్తాం."

బయటికి వచ్చాక భర్త ముఖంలో దిగులు లేదు, సంబరం ఉంది. "విన్నావా? ఇన్సులిన్ తగ్గించేలా ఉంది! మంచి మాటేగా?"

ఆవిడ చెప్పినదంతా విని ఈ మనిషికి మిగిలింది ఈ ఒక్క ముక్కేనా అని ఆమెకి ఒళ్లు మండింది. ఆ సంబరం ఎక్కడినుంచి వచ్చిందో అప్పటికి తట్టలేదు.

మర్నాటినుంచీ తెల్ల కప్పు బయటికి వచ్చింది.

* * *

కప్పులో మొదటి రోజే తెలిసిపోయింది. పాలూ టీ ఆకూ కలిస్తే వచ్చే గోధుమ రంగులో ఎర్రటి వెచ్చదనం ఉంటుంది. ఈ టీలో ఆ వెచ్చదనం చచ్చిపోయి, కింద ఎక్కడో బూడిదాకుపచ్చ నీడ ఉంది. ఇంకొకళ్లయితే పాలు తేడాగా ఉన్నాయనుకుంటారు.

ఆమె తాగలేదు. షాపునుంచి తెచ్చుకున్న తెల్ల అట్టముక్క మీద ఒక చుక్క వేసి ఆరబెట్టి, మిగతాది గదిలో బాత్‌రూము తూములో పోసేసింది. రంగు తేల్చుకోవాలంటే తడి మీద చూడకూడదు, ఆరాక పగటి వెలుగులో చూడాలి. షాపులో చేసేదీ అదే. ఇలా రోజుకొక అట్టముక్క.

టీ మానేసిన దగ్గరనుంచీ షాపులో వణుకు రాలేదు.

అత్తగారి మీద ఆమె కన్నేసింది. ఇదివరకు పట్టించుకోనివన్నీ ఇప్పుడు కళ్లలో పడుతున్నాయి. మిగతా గిన్నెలన్నీ సింకులో గుట్టగా పడి ఉంటే ఒక్క చెంచా మాత్రం కడిగి తుడిచి ఉంటుంది. తను నీళ్లకని వంటింట్లోకి వెళ్తే అత్తగారు "ఏం కావాలి?" అని గుమ్మంలోనే ఎదురొస్తుంది. గదిలోంచి బయటికి రాగానే మొదటి ప్రశ్న, "అంకె ఎంతొచ్చింది?" ఇదివరకు ఆవిడకి ఆ మీటరంటేనే పడేది కాదు.

టీ మానేశాక పొద్దుటి అంకె కొంచెం పెరిగింది. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. "పెరిగిందా?" అంది అత్తగారు, గొంతు తగ్గించి. పక్కనే షూ తొడుక్కుంటున్న భర్త కూడా చెయ్యి ఆపాడు.

మర్నాడు టీ రంగు ముదిరింది.

అట్టముక్క పట్టుకుని కూర్చున్న ఆమెకి ముందు కోపం వచ్చింది, ఆ వెనకే భయం వేసింది. అంకె పెరిగితే పొడి పెంచుతున్నారు. రేపు ఇంకా పెరిగితే? తను తాగడం లేదు కాబట్టి సరిపోయింది. తాగుతూ ఉంటే? లోపల బిడ్డ కాలు ఆడించింది. ఆమె పొట్ట మీద చెయ్యి వేసుకుని, "నీకేం తెలియదులే, పడుకో," అంది.

ఆ సాయంత్రం భర్తకి చెప్పేసింది. అతను డ్రైవింగు స్కూల్లో కారు నేర్పుతాడు. రోజంతా పరాయివాళ్ల పక్కన కూర్చుని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వస్తాడు కాబట్టి ఇంట్లో గట్టిగా మాట్లాడడు.

"అత్తయ్య టీలో ఆ పొడి కలుపుతున్నారు."

"ఛ. అమ్మ అలా చేయదు."

"రంగు చెబుతోంది."

"నీకు అన్నిట్లోనూ రంగులే." అతను లేచి వంటింట్లోకి వెళ్లి స్టూలెక్కి పై అరలోంచి ఆకుపచ్చ మూత డబ్బా తీసుకొచ్చి ఆమె ముందు పెట్టాడు. "చూడు. సీలు కూడా తీయలేదు. పైన దుమ్ము చూడు."

దుమ్ముంది. సీలుంది. ఆమెకి తల కొట్టేసినట్టయింది. అత్తగారు గుమ్మంలో నిలబడి డబ్బా వంకా కోడలి వంకా చూసింది, ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం తిట్టు కంటే ఘోరంగా ఉంది. కానీ పడుకున్నాక ఒక సంగతి మనసుని తొలిచింది. 'అమ్మ అలా చేయదు' అన్నవాడు, సీలు ఉందో లేదో చూడకుండానే అంత ధీమాగా స్టూలు ఎలా ఎక్కాడు? పోనీ, అత్తగారు తన మీద నింద పడితే ఊరుకునే మనిషా?

శుక్రవారం ఆడపడుచు కూతురికి జ్వరమని అత్తగారు అక్కడికి వెళ్లి ఆ రాత్రి ఉండిపోయింది. శనివారం పొద్దున టీ పెట్టింది భర్త. ఆమె హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఇవాళ టీ టీలా ఉంటుంది, వారం తర్వాత ఇవాళ తాగవచ్చు అనుకుంది.

భర్త కప్పు తెచ్చి ఇచ్చి, "వేడిగా ఉంది, మెల్లగా తాగు," అని భుజం తట్టి వెళ్లాడు.

ఆమె కప్పులోకి చూసింది.

నీడ ఉంది. ఎప్పటి కంటే పలచగా ఉంది, కానీ ఉంది. అదే బూడిదాకుపచ్చ.

ఆమె అట్టముక్క తీసి దాని మీద ఒక చుక్క వేసింది. ఇన్నాళ్లూ తను అత్తగారి చేతులే చూసింది. కప్పు తెచ్చే చేతుల్ని ఒక్కసారీ చూడలేదు.

షాపులో కిటికీ దగ్గర అట్టముక్కలన్నీ వరసగా పేర్చింది. శనివారం చుక్క పలచన. మిగతావన్నీ దానికి రెట్టింపు చిక్కన. బక్కన్న తొంగి చూసి, "ఏమిటమ్మా ఇది, ఎవరి గోడకి? ఇంత దరిద్రపు రంగు ఎవరడిగారు?" అన్నాడు.

"నా గోడకే అన్నా."

"మార్చుకో తల్లీ, బతికిపోతావు."

తల్లీకొడుకులు కూడబలుక్కున్నారన్నమాట. ఆవిడ కొంత, ఇతను కొంత. తను చెప్పుకోవడానికి వెళ్లింది కూడా ఎవరి దగ్గరికి! ఆ మధ్యాహ్నం షాపు వెనక గోదాములో నిలబడి డాక్టరమ్మకి ఫోన్ చేసి, దాచకుండా అంతా చెప్పింది.

* * *

ఆదివారం మధ్యాహ్నం ఆడపడుచు అత్తగారిని దింపడానికి వచ్చి భోజనానికి ఆగింది. జ్వరం తగ్గిన కూతురు టీవీ ముందు కూర్చుంది. మిగతా అందరూ బల్ల దగ్గర. ఆడపడుచు సంచీ పక్కన పెట్టుకుంటూ, అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు, మామూలుగా అనేసింది.

"ఏమ్మా, ఒక్క మనిషి ఇంత పొడి ఎలా తాగుతోంది? నీ డబ్బా అయిపోయిందన్నావు. వీడేమో నిన్న ఫోన్ చేసి తనదీ అయిపోయిందంటాడు. రోజుకొక్క చెంచా అని నేను ఇద్దరికీ చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?"

అత్తగారి చేతిలో గరిటె ఆగింది. కోడలు చూస్తున్నది ఆవిడ ముఖాన్నే. అందులో దొరికిపోయిన సిగ్గు లేదు. ముందు వచ్చింది ఆశ్చర్యం.

"వీడిదేమిటి?" అంది అత్తగారు. "వీడికి డబ్బా ఎందుకు?"

భర్త తల్లి వైపు తిరిగాడు. "నీ డబ్బా పై అరలో సీలుతో ఉంది కదమ్మా?"

"అది మీ కళ్లకి. నేను మీ అక్కని ఇంకొకటి అడిగి తెప్పించుకుని పప్పుల డబ్బా వెనక పెట్టుకున్నాను. టీ మరిగేటప్పుడు ఒక చెంచా..." అత్తగారు ఆగిపోయింది. "నువ్వు?"

"కప్పులో. గదిలోకి తీసుకెళ్లేటప్పుడు. ఒక చెంచా." అతను జేబు తడుముకున్నాడు. "నాది స్కూలు కార్లో ఉంటుంది. రోజుకి సరిపడా పొట్లం కట్టి జేబులో పెట్టుకుంటాను."

"నువ్వూ వేస్తున్నావా?"

"నువ్వు వేయడం లేదనేగా నేను వేస్తున్నాను!"

"అంకె పెరిగిందన్న రోజు?"

"ఇంకో అర చెంచా."

"నేనూ," అంది అత్తగారు. గరిటె గిన్నెలో వదిలేసింది.

మామగారు గొంతు సవరించుకున్నాడు. "ఇద్దరినీ చూశాను నేను, ఈ కుర్చీలోంచే. తల్లీకొడుకులు అనుకునే చేస్తున్నారనుకున్నాను."

"చూసి చెప్పలేదా?" అత్తగారు ఆయన మీదికి తిరిగింది.

"నేను చెబితే నువ్వు నా బిస్కట్ల సంగతి ఎత్తుతావు. ఈ ఇంట్లో దొంగచాటుగా తినేవాడికి, దొంగచాటుగా తినిపించేవాళ్లని అడిగే హక్కు ఎక్కడిది?"

ఆడపడుచు ముఖం పాలిపోయింది. "అంటే ఇన్నాళ్లూ రెండు చెంచాలా? దీనికి చెప్పే వేస్తున్నారనుకున్నాను నేను. వద్దందని నాకేం తెలుసు, ఒప్పుకుందని చెప్పారు..."

కోడలి మనసులో నిన్నటినుంచీ కట్టుకున్న గోడ ఒకటి పక్కకి ఒరిగింది. కుట్ర కాదు. ఇద్దరూ విడివిడిగా, ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే డబ్బాలో రంగు కలిపారు. ఈ ఇంట్లో మూత మీద చుక్క పెట్టే అలవాటు ఎవరికీ లేదు. కుట్ర కాదని తెలిస్తే తేలిక పడాలి. కానీ ఆమెకి భయం ఇంకా పెరిగింది. కుట్ర అయితే ఇద్దరిలో ఒకరికైనా లెక్క తెలిసి ఉండేది.

భర్త కుర్చీ ఆమె వైపు జరుపుకున్నాడు. "నేర్చుకునేవాళ్లు కారు నడుపుతుంటే నా కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది, తెలుసుగా. వాళ్లు భయపడకుండా, వాళ్లకి తెలియకుండానే కొంచెం తొక్కుతాను. తామే ఆపామనుకుంటారు. ఇదీ అలాగే అనుకున్నాను. రోజూ ఆ సూదులు చూడలేక..."

"చూడలేదు కదండీ మీరు. ఒక్కరోజూ చూడలేదు," అంది ఆమె. "కారులో రెండో బ్రేకు మీద ఒక్కరి కాలే ఉంటుంది. నా పక్కన ఇద్దరు కూర్చున్నారు. అదీ నేను నడుపుతున్నానని నన్నే నమ్మించి."

అత్తగారు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "సూది అంటే ఆయన కాలే కనిపిస్తుందమ్మా నాకు. నీకేమవుతుందోనని..."

"తెలుసు అత్తయ్యా." నిజంగానే తెలుసు. తెలిసినంత మాత్రాన ఆ రోజు షాపులో తడిసిపోయిన జాకెట్టుని మరచిపోలేదు. "వారంనుంచీ నేను ఆ టీ తాగడం లేదు. తూములో పోస్తున్నాను. లేకపోతే నా సంగతి ఈపాటికి ఏమయ్యేదో."

తూములో పోస్తున్నానన్న మాటకి అత్తగారు నొచ్చుకోబోయి, తర్వాతి మాట విని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కోడలు చెయ్యి చాపింది. ఆడపడుచు సంచీలోంచి కొత్త డబ్బా తీసి ఆ చేతిలో పెట్టింది. అత్తగారు లేచి వెళ్లి పై అరలోంచి సీలు తీయని డబ్బానీ, పప్పుల డబ్బా వెనకనుంచి ఖాళీ డబ్బానీ తెచ్చింది. ఖాళీదాని అడుగున కొంచెం పొడి అంటుకుని ఉంది. భర్త జేబులోంచి ఒక పొట్లం తీసి పక్కన పెట్టాడు. ఆదివారం కూడా కట్టుకున్నాడన్నమాట.

ఆమె వాటిని ఒక సంచీలో వేసి మూతి ముడి వేసింది. తర్వాత గొంతు పెంచకుండా, కూర అందుకోమన్నంత మామూలుగా అందరికీ చెప్పింది.

"రేపు పొద్దున ఆసుపత్రిలో చేరుతున్నాను. నిన్ననే డాక్టరమ్మతో మాట్లాడాను. ఇవి ఆవిడకి ఇచ్చేస్తాను. నాలుగు రోజులు వాళ్లే తిండి పెట్టి, వాళ్లే సూది వేసి, నాకు ఎంత కావాలో తేలుస్తారు. తిరిగి వచ్చాక బిడ్డ పుట్టేదాకా ఇన్సులిన్ ఆపను. నా టీ నేనే పెట్టుకుంటాను, నా కంచం నేనే వడ్డించుకుంటాను. ఇది ఎవరి మీదా కోపంతో కాదు. ఉన్న కోపం వేరే ఉంది, అది తర్వాత చూసుకుందాం."

మామగారు పేపరు మడతపెట్టి, "మంచిది," అన్నాడు.

"తోడుగా నేను రానా?" అంది అత్తగారు. ఆ ఇంట్లో ఆవిడ అనుమతి అడగడం అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు.

కోడలు ముడి వేసిన సంచీని తన పక్కకి జరుపుకుంది.

"రండి అత్తయ్యా. చేతులూపుకుంటూ రండి."